డా

గుణుపురం స్టేషన్లో దిగావు
రేకు పెట్టె, పక్కచుట్ట, ఒక కొత్త గొడుగుతో.
గొడుగుకి ధర చీటీ ఇంకా వేలాడుతోంది.
"పెర్సిసక్కా, వందనాలు" అన్నావు
నాతో కాదు,
నా పక్కన పల్లీలమ్ముకునే ఒడియా ఆవిడతో.
ఆవిడ నీకో పొట్లం చుట్టిచ్చింది.

పద యునీకే, చీటీ తెంపెయ్.
వంశధార దాటేసరికి ఎండెక్కుతుంది.

కుక్క మొరిగితే నిలబడు, పరిగెత్తకు.
గోడ మీద బియ్యప్పిండితో గీసిన మనుషులుంటే
వేలు చూపించకు, ఆ గోడకి ఆనుకోకు.
అర్థం కానిదానికి తల ఊపకు.
జీలుగు కల్లు పోస్తే
ఒంట్లో బాగోలేదని అబద్ధమాడకు,
తాగనని చెప్పి నీళ్ళడుగు.

నీళ్ళంటే సవర మాటలో డా.

"డా అంటే డాక్టరు కదక్కా" అన్నావు.
నవ్వలేదు నేను. నవ్వాల్సింది.
చివర్న ఊపిరి తెంపాలే గుంటా,
చేద నీళ్ళని తాకగానే
చేతిలో తాడు ఆగినట్టు.
నీ డా మాత్రం
రేపల్లె కాలవలా సాగుతూనే పోయింది.
పిల్లలు నీ వెనకాలే సాగదీస్తూ వచ్చారు
ఊరి చివరిదాకా.

ఆ రాత్రి సిగ్నలు కోసం
దోమతెర లోంచి ఫోను పైకెత్తి
అలాగే చెయ్యెత్తుకుని నిద్రపోయావు.
నన్ను తయారుచేసిన దోర్కమ్మగారు
నెల రోజులు నాతో తెలుగు మాట్లాడలేదు.
ఉప్పు కావాలన్నా సవరలోనే అడగాలి.
ఎన్ని పూటలు చప్పిడి తిన్నానో!
ఆవిడలా ఉండనని ఒట్టు పెట్టుకున్నాను.
పొద్దున్న నిన్ను "మళ్ళీ అను, మళ్ళీ" అంటున్నప్పుడు
ఆ గొంతు ఎవరిదో
నీకు తెలీదు కానీ నాకు తెలుసు.

మూడో వారం, ఇప్పపూలు రాలే రోజులు.
తుంబగుడలో తరంతి ఇల్లు.
పొయ్యి చల్లగా ఉంది.
జ్వరంతో పిల్లాడు పోయి నెలయింది,
గుంజకి ఆనుకుని ఆమె మరో గుంజ.
నేను పుస్తకం తెరిచి నీకు సైగ చేశాను.
రాత్రంతా వల్లించావు కదా,
దారంతా వల్లించావు కదా.

నోరు తెరిచావు.
ఒక్క ముక్కా లేదు.
చెమట పట్టింది, నన్ను చూశావు,
నేను కావాలనే చూరు వైపు చూశాను.
అప్పుడు అన్నావు, డా.
ఠక్కున తెగింది.

తరంతి లేచింది.
ఆనపబుర్రతో ముంచి తెచ్చింది.
తాగుతుంటే సగం గడ్డం మీంచి కారి
నీ కాలరు తడిసింది.
ఆమె అది చూసి ఏదో అడిగింది, గబగబా.
నువ్వు తల ఊపావు.

ఏం చెప్పాను నీకు?
ఏం చెప్పాను!

చేటెడు చింతపండు తెచ్చి మీ ఇద్దరి మధ్య పెట్టింది.
పొద్దు వాలేదాకా గింజ తీశారు.
మాటా లేదు, పాటా లేదు.
పుస్తకంలో పేజీ పోకుండా
నేను వేలు పెట్టుకుని కూర్చున్నాను,
చెమటకి వేలు అచ్చు పడింది.

బసకొచ్చాక రిపోర్టు పుస్తకం ముందేసుకున్నావు.
ఎన్ని ఇళ్ళు: ఒకటి.
ఎంతమందికి బోధించారు:
"ఇక్కడేం రాయనక్కా?"
పెన్ను నీ పళ్ళ మధ్య.
గోళ్ళ నిండా చింతపండు నలుపు.
వదిలెయ్ అన్నాను.
పాస్టరుగారు అడుగుతారు, అడగనీ.

దీపం ఆర్పాక మళ్ళీ నువ్వే.
"ఆవిడ నన్నేమడిగింది?"

పదకొండేళ్ళు. ఆరుగురిని తయారుచేసి పంపాను.
తెలీదు అన్నాను.
నువ్వు అటు తిరిగి పడుకున్నావు.

చాలాసేపయ్యాక, నీ ఊపిరి బరువెక్కాక
నెమ్మదిగా అని చూశాను ఆ మాట.
నాదీ సాగుతోంది
చివర్న, కాస్త.