మొసలింటి ఆడపడుచు

మూడేళ్ళు కట్టిన చీటీ అది.
నెలకు రెండొందల పులా,
జీతం పడ్డ రోజే, రొట్టె కొనకముందే.
ఫ్రాన్సిస్‌టౌన్ ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు,
రాత్రి డ్యూటీ నర్సులం నలుగురం.
ఈ దేశంలోనే పుట్టి, చారలగుర్రాన్ని
ఒక పులా నాణెం మీద తప్ప చూడనివాళ్ళం.

పెలోనోమి బావగారి పాత హైలక్స్.
ఎడమ తలుపు లోపలి నుంచి తెరుచుకోదు.
నాటా దాటాక ఇక మలుపన్నది లేదు.
కాగితం పొట్లంలో మగ్విన్యా, వేళ్ళకి నూనె,
ఒనాలెన్నా ఒళ్ళో పొంగి కారిన అల్లం సోడా.
పండమటెంగాకి ఇవతల, జొన్నచేల అంచున
ఏనుగులు రోడ్డెక్కాయి.
ఇంజను ఆపేశాం.
పదకొండు దాకా లెక్కపెట్టి
పన్నెండోది పిల్లది కావడంతో లెక్క మరిచాం.
వెనకొచ్చిన లారీవాడు కూడా హారన్ కొట్టలేదు.
ఓ ముసలి ఏనుగు మా బానెట్టును తొండంతో తడిమి,
జ్వరం చూసి ఫరవాలేదన్న డాక్టరులా
వెళ్ళిపోయింది.
పెలోనోమి, బుద్ధెరిగాక మొదటిసారి,
ఐదు నిమిషాలు మాట్లాడలేదు.

కసానేలో తెల్లవారుజామున జీపు.
ముందు సీట్లలో ఎక్కడివాళ్ళో,
మోచేయి పొడుగు కెమెరాలు.
వాళ్ళకి సింహం కనిపించింది. మాకు
కదిలిన గడ్డి, గడ్డిలో తోక కుచ్చు.
చెవి కూడా చూశానని ఒనాలెన్నా ఒట్టేసింది,
ఇప్పటికీ ఆ ఒట్టు మీదే ఉంది.

సాయంత్రం పడవ.
నడిపేది మటెంగు, చోబే ఒడ్డున పుట్టినవాడు.
ఇంజను గొంతు తగ్గించి అడిగాడు:
"మీరేం ఆడతారమ్మా?"
మా దగ్గర వంశం అడగడమంటే అదే,
ఏ జంతువు పేరున నీవాళ్ళు పాదం కదిపారో చెప్పమని.
పెలోనోమిది ఏనుగు. ఒనాలెన్నాది కోతి.
నాది పొదలజింక.
దికెలెది నీళ్ళ వైపు చూడకుండా చెప్పింది:
"మొసలి."
మటెంగు టోపీ తీశాడు.
"అయితే ఆడపడుచు పుట్టింటికొచ్చిందన్నమాట."

వాళ్ళ నాయనమ్మ చెప్పేదట,
మొసలిని చూస్తే కళ్ళు మండుతాయని,
ఇంటి పెద్దని దిసమొలన చూసినట్టని.
తినకూడదు, తిట్టకూడదు, చూడనే కూడదు.

మలుపు తిరిగేసరికి ఇసుక దిబ్బ మీద ఉందది.
దికెలెది కళ్ళు మూసుకుంది.
వార్డులో ఎందరి రెప్పల్నో
రెండు వేళ్ళతో మూసిన మనిషి,
తన రెప్పలు గట్టిగా బిగించుకుని
"చెప్పండే" అంది.

"నోరు తెరిచే ఉంది" అన్నాను.
"కోపమా?"
"కాదమ్మా, ఒంట్లో వేడికి" అన్నాడు మటెంగు.
"మన మేట్రన్ అంత లావు" అంది పెలోనోమి.
"పై వరసలో ఒక దంతం విరిగింది."
"పక్కనే ఒక పిట్ట. భయం లేదు దానికి."
"నన్ను చూస్తోందా?"

ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.
నిజానికి అది ఎవరినీ చూడటం లేదు.
పసుపు రాయిలా కన్ను, మధ్యలో నిలువు గీత.
నొప్పి తగ్గుతుందని రోగికి చెప్పే గొంతుతో
నేనే అన్నాను:
"చూస్తోంది."

ఇసుకలో పొట్ట జారిన చప్పుడు.
దాని మీద నీళ్ళు మూతపడ్డాయి.
వెళ్ళిపోయిందన్నాకే కళ్ళు తెరిచింది.
ఒడ్డున తోక గీసిన వంకర గీత.
అది చూడొచ్చా అని మటెంగుని అడిగింది.
అతను కాసేపు ఆలోచించి
జాడకి దోషం లేదన్నాడు.
వెనక ఏనుగులు గుంపుగా నది ఈదుతున్నాయి,
మేం భుజం పట్టి లాగినా
తల తిప్పలేదు.

సోమవారం రాత్రి మళ్ళీ డ్యూటీ.
ఆరో మంచం మీద, షుగరుతో చూపు పోయిన ముసలామె
ఎక్కడికెళ్ళారే ఇన్నాళ్ళూ అంది.
దికెలెది మంచం అంచున కూర్చుని
మొదటి నుంచీ చెప్పింది:
తెరిచిన నోరు, విరిగిన దంతం, పక్కన పిట్ట,
పసుపు కన్ను, మధ్యలో నిలువు గీత.

కన్ను సంగతి
మేమెవరం ఆమెకి చెప్పలేదు.
నేను వెళ్ళి సెలైన్ సీసా మార్చాను.