ఒక దీర్ఘం తేడా

పాలకేంద్రం గోడనీడలో గ్రామసభ.
"లెక్కలు చూసేదానికి మీలో ఒకరు కావాల,
ఇంటరు చదివుండాల, ఎవురికీ భయపడకూడదు"
అన్నారు చిత్తూరు నుంచి వచ్చినోళ్లు.
భయపడనోళ్లు మా తొట్లిగానిపల్లెలో లేరు కాబట్టి
భయం బయటికి కనపడని నన్ను నిలబెట్టినారు.

చేతులెత్తమన్నారు.
ఇరవై మూడు. నేనే ఎంచుకున్నాను,
అదే నా మొదటి ఆడిట్.
పేడ తడి ఆరని చేతులు, మామిడిసొన కాల్చిన చేతులు,
పక్కింటి పిల్లే కదా అని నవ్వుతా ఎత్తిన
ఫీల్డ్ అసిస్టెంటు దొరసామి చేయి.
అన్నిటికంటే ముందు లేచింది మాత్రం
బొటనవేలికి కొడవలిగాటు ఉండే
నంజమ్మవ్వ చేయి.

ముప్పై మీటర్ల టేపు, గుడ్డసంచి, మస్టర్ల కట్ట.
టేపు కొన పట్టుకునేదానికి మా గజేంద్ర,
పూటకొక బన్ను కూలి.

కొండవాలున కందకాలు ముప్పై అంటాది పుస్తకం.
ఎంచితే పంతొమ్మిది.
మిగిలినవి ఏనుగులు తొక్కి పూడ్చేసినాయంట.
మా పక్క ఏనుగులు చానా పనులు చేస్తాయి:
చెరుకు తింటాయి, అరటి విరుస్తాయి,
మార్చి నెలాఖరులో బిల్లులు కూడా పెడతాయి.

హేమాద్రి తోటకు పొయ్యే రోడ్డు
పుస్తకంలో ఊరికి పోతాది.
నాలుగు వందల చింతమొలకల్లో నిలబడింది ఒకటి,
ఫొటోకు.
హేమాద్రి మజ్జిగ పంపినాడు.
తాగినాను. అదీ రాసినాను.
అంతవరకూ చేయి వణకలేదు.

పన్నెండో మస్టరు, నాలుగో వరస.
యల్లప్ప. ఆరు దినాలు. హాజరు.
వేలిముద్ర నల్లగా, గట్టిగా.
యల్లప్పతాతను మేము పుబ్బకార్తెలో పూడ్చినాము.
నేనూ పిడికెడు మన్ను వేసినాను.
ఈ మస్టరు ఎండాకాలంది.

గడపలో కూర్చుని అవ్వకు కాగితం చూపించినాను.
చదువు రాదు. ముద్రను తడిమింది.
"వచ్చినాడా పనికి?" అనింది,
"మోకాళ్ల నొప్పులని మంచం దిగేవాడు కాదే."
నవ్వలేదు. నేనూ నవ్వలేదు.
కాసేపటికి తన బొటనవేలు
ఆ ముద్ర పక్కన పెట్టింది.
ఈ గాటే, ఆడ.

"కార్డులో నంజమ్మంట, ఆధార్‌లో నాంజమ్మంట.
నా పేరు కొట్టేసినారు.
దొరసామే అన్నాడు,
గుంత నువ్వు తవ్వు, పేరు ఆయనది ఉండనీ అని.
బ్యాంకు బుక్కు ఎట్లా ఇద్దరిదీ కదా."

మళ్లీ పోయి ఆ గుంతలోకి దిగినాను.
పొడుగు, వెడల్పు, లోతు.
రెండుసార్లు కొలిచినాను, గజేంద్ర విసుక్కునేదాకా.
పుస్తకానికి ఒక్క అంగుళం తేడా లేదు.
నేను కొలిచిన వాటిలో
అబద్ధం చెప్పని గుంత అదొక్కటే,
సచ్చిపోయినోడి పేరుమీద.

మండలాఫీసు షామియానా కింద ప్రజావేదిక.
ఫారంలో రెండే గడులు:
తప్పుడు హాజరు, అవును, కాదు.
అవును అని టిక్కు పెట్టినాను.
వెనకపక్క ఖాళీలో గుంత కొలతలు రాసినాను,
దీర్ఘం సంగతి రాసినాను,
మైకులో చదివినాను కూడా.
పెద్దసారు కాగితం తిప్పి చూసి
"వెనకపక్క కంప్యూటర్లో ఎక్కదమ్మా" అన్నాడు.
కందకాల మీద విచారణకు వాయిదా.
రోడ్డు మీద విచారణకు వాయిదా.
ఆరు దినాల కూలి మటుకు
ఆ పొద్దే తిరిగి కట్టమన్నారు.

దొరసామి నాతో మాట్లాడటం మానేసినాడు.
అమ్మ అన్నం పెట్టేటప్పుడు
గిన్నె కొంచెం గట్టిగా పెడతాది.
టేపు సంచిలోనే ఉండాది.
దీర్ఘాన్ని కొలిచేదానికి అది చాలదు.

సోమవారం తెల్లవారి మళ్లీ పని మొదలు.
పార భుజాన వేసుకుని, సద్దిక్యారియరు పట్టుకుని
నంజమ్మవ్వ మా వాకిట్లో నిలబడింది.
కోపం లేదు గొంతులో. నిజంగానే అడిగింది:

"ఏమ్మే, చేయెత్తి నిన్ను పెట్టుకుంటిమి కదా,
ఈసారి ఎవురి పేరుతో దిగమంటావు?"