ఓదెలన్న చూడని సముద్రం

పరకాల బస్టాండు ఎనుక
ఆర్వో మిషిన్లు బాగుచేసే ఓదెలన్నకు
కొచ్చిన్ నుంచి ఫోను:
తెరచాప పడవకు ఏ మిషిన్ కొనాలె?

"గంటకెన్ని లీటర్లని అడగకు సారూ,
బ్యాటరీ ఎంత తాగుతదో అడుగు.
నడిసముద్రంల, చీకట్ల,
నీ చేతికి ఊడొచ్చే బోల్టులున్నదే కొను.
ఊకె పెడితే పొర మురుగుతది.
వారానికోసారి మంచినీళ్లు తాపు,
బ్లీచింగు వాసనొచ్చేటియి మాత్రం ముట్టియ్యకు.
రేవుల నూనె తేలుతుంటే, బంద్."

ఫోను పెట్టేసి
టీడీఎస్ మీటరు అంగికి తుడిచిండు.
మా బోరుది పద్దెనిమిది వందలు.
సముద్రానిది ముప్పై అయిదు వేలట,
అంత అంకె దీని అద్దంల పట్టదు.

షట్టర్ గుంజేటప్పుడు చూసిన.
మోరీలకు పారే ఉప్పునీళ్ల పైపుకింద
వేలు పెట్టి
నాలుకకు రాసుకుంటుండు,
ఇంకెన్ని రెట్లో.