వంతు

జడ్జిగారు అడగకముందే
ఆ వాక్యం టైపు చేసి పెట్టుకుంటాను.
"ముసలి తల్లి ఉందని, చిన్నపిల్లలున్నారని,
దయ చూపమని ముద్దాయి వేడుకున్నాడు."
చిత్తూరు కోర్టులో పదిహేడేళ్లుగా
పేరు మార్చడమే నా పని.
తల్లి లేనివాళ్లకు కూడా
ఒకటి రెండుసార్లు తల్లిని ఇచ్చాను.

జూన్ నెల. కిటికీ అవతల
గుజ్జు ఫ్యాక్టరీకి పోయే మామిడికాయల ట్రాక్టర్లు,
కదలవు, హారన్లు మాత్రం ఆగవు.
బోనులో చెంగల్రాయుడు.
పెనుమూరు పక్క పల్లె.
పొత్తులో ఉన్న బోరు, నీళ్ల వంతు కాడ మాటా మాటా,
దొరసామి నెత్తిన పారతో ఒకే దెబ్బ.
నేరం రుజువైందని పొద్దునే చదివారు.
ఇక మిగిలింది శిక్ష.
దానికి ముందు
చట్టం వదిలిన ఆ కాస్త జాగా.

"శిక్ష గురించి నువ్వు చెప్పుకునేదేమైనా ఉందా?"

దండం పెట్టమని లాయరు సైగ చేశాడు.
అతను పెట్టలేదు.
బోను కమ్మీ మీది పెయింటు పెచ్చును గోటితో గీకుతూ
చాలాసేపు ఊరికే ఉన్నాడు.
నా వేలు ఎంటర్ మీద.

"సామీ, కరెంటు రాత్రి రెండుకి వస్తాది.
మా మడి నిండినాక గేటువాలు తిప్పాల.
అది తుప్పు పట్టిండాది, వట్టి చేత్తో తిరగదు,
గోనెపట్ట చుట్టి తిప్పాల.
దొరసామి పెండ్లానికి ఆ సంగతి తెలీదు.
ఆయప్ప చెరుకు ఎండిపోతా ఉందంట.
ఎవురన్నా చెప్పండి."

అంతే.
వెనక బెంచీలో ఒకామె లేచి నిలబడి
మళ్లీ కూర్చుంది.
ఎవరి తరఫు మనిషో తెలియదు.

జడ్జిగారు కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని
"దయ కోరాడని రాయమ్మా" అన్నారు.
కోపంగా ఏమీ కాదు.
గేటువాలుకూ శిక్షకూ సంబంధమేముంది, నిజమే.
యావజ్జీవం. ఐదువేలు జరిమానా.
కట్టకపోతే ఇంకో ఆరు నెలలు.

రాశాను. తల్లిని మటుకు కొట్టేశాను.
సాయంత్రం కానిస్టేబులు మునస్వామికి
(అతనిది పెనుమూరు దారే)
చీటీ రాసిచ్చాను: రాత్రి రెండు, గేటువాలు, గోనెపట్ట.
చదువుకుని నా మొహం చూశాడు,
టోపీలో దోపుకున్నాడు.
ఇచ్చాడో లేదో.

మర్నాడు ఇంకో ముద్దాయి, సైకిల్ చెయిన్ కేసు.
వాక్యం కొట్టకుండా
ఖాళీ వదిలి కూర్చున్నాను.

ముసలి తల్లి ఉంది సామీ, అన్నాడు.