పోయిందెంత, వచ్చిందెంత

రాత్రి రెండున్నరకి ఫోను.
"అబ్బయా, మళ్ళీ పడిపోయింది నీ డబ్బా.
ఏరియేటర్లు ఆగిపోయినాయి,
రొయ్య తేలతా ఉంది, బిన్నా రా."

గంగపట్నం కట్ట మీద
బండి లైటుకి ముళ్ళపొదలు
ఒకటొకటిగా లేచి కూర్చుంటున్నాయి.

కోదండరెడ్డి టార్చి ఊపతా నిలబడి ఉన్నాడు.
"దాన్ని పీకి పారేసి తీగలు నేరుగా కలిపెయ్.
పోయిన సీజన్లో ఉన్నిందా ఇది? రొయ్య పండలా?"

పండింది.
పోయిన సీజన్లో చెంచయ్య కూడా ఉన్నాడు.

నేనేమీ మాట్లాడలా.
టెస్టరు పళ్ళ మధ్య కరుచుకుని మూత తీశా.

ఆ డబ్బా లోపల పెద్ద విద్యేం లేదు.
ఒక కడియం.
దాని నడుమ నుంచి ఫేజు పోతుంది,
ఆ నడుమ నుంచే న్యూట్రల్ తిరిగొస్తుంది.
ఇక్కడ ఫేజులు మూడు, తీగలు నాలుగు,
లెక్క మాత్రం అదే.
పోయిందీ వచ్చిందీ సరిపోతే
కడియానికి ఏమీ తెలవదు.

మా అమ్మ మైపాడు రేవులో
పడవల్ని ఇట్టానే లెక్కబెట్టేది.
తెల్లారుజామున పదకొండు పోతే
పొద్దెక్కినాక పదకొండు రావాల.
వచ్చినన్నాళ్ళూ ఆమె మొహంలో ఏమీ ఉండదు,
గంపకి చుట్టకుదురు సర్దుకుంటా ఉంటుంది.
పది వచ్చిన రోజు మాత్రం
రేవంతా ఆమె గొంతే.

తగ్గిందంటే ఎటో దిగిందని.
తడిసిన కేబులు గుండా, మోటారు ఒంటి గుండా,
మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డ మనిషి గుండా
మట్టిలోకి.
ముప్పై మిల్లీలు తేడా వస్తే చాలు,
బెడ్‌లైటు తాగేదంత.
గుండె ఇంకోసారి కొట్టుకునే లోపల
టప్.

చెంచయ్య పోయిన రోజు
బోర్డులో ఎంసీబీ ఉంది, ముప్పై రెండు ఆంపియర్లది, కొత్తది.
ఎక్కువైతే దానికి తెలస్తుంది,
దారి తప్పితే తెలవదు.
ఒక మనిషి దాని కంటికి ఆనని లోడు.

అన్నీ ఆపి, పిడి పైకెత్తా. నిలబడింది.
ఒకటో ఏరియేటరు. నిలబడింది.
రెండు, మూడు, ఆరూ తిరిగినాయి,
గుంట మీద తెల్లగా నురగ.
"చూశావా, దానికి పిచ్చి" అన్నాడు కోదండరెడ్డి.

అప్పుడు కాపలా పాకలోంచి పోలమ్మ,
చెంచయ్య పెళ్ళాం, తల బయటికి పెట్టింది.
"పిల్లోడు దగ్గతా ఉండాడయ్యా, లైటేసుకోవచ్చా?"
వేసింది.
టప్.

టార్చి తీసుకుని పాక తీగెంట నడిచా.
ఫేజు, నా డబ్బా తర్వాత నుంచి.
న్యూట్రల్, డబ్బాకి ముందున్న పాత బార్ నుంచి.
పాకలో అరవై వాట్ల బల్బు వెలిగినప్పుడల్లా
పదకొండో పడవ
క్షేమంగానే వచ్చి వేరే రేవులో దిగతా ఉంది.
మునిగిందా, దారి మారిందా అని
కడియం అడగదు.
రాలేదు, అంతే.

ఆ న్యూట్రల్ ముడి చెంచయ్య వేసింది.
టేపు లేక సైకిలు ట్యూబు ముక్క చుట్టాడు,
మూడు చుట్లు, బిగుతుగా.
మొన్న డబ్బా బిగించినప్పుడు
విప్పబుద్ధి కాక వదిలేసింది నేను.

విప్పా.
తీగని డబ్బా ఇవతలికి తెచ్చి
మిగతా న్యూట్రళ్ళ పక్కన బిగించా.

పోలమ్మని పిలిచి టీ అని రాసున్న బొత్తాం చూపించా.
"నెలకోసారి నొక్కు. పడాల.
పడకపోతే గుంటలో ఎవుర్నీ దిగనీబాక, నాకు ఫోన్ చెయ్."
నొక్కింది. పడింది.
ఉలిక్కిపడి నా వంక చూసింది.
"ఇది ముందే ఉంటే" అని మొదలుపెట్టి
పిల్లోడు ఏడిస్తే లోపలికి పోయింది.

కోదండరెడ్డి జేబు తడుముకుంటా వచ్చాడు.
"ఒక ముడి ఇప్పినావు. ఎంతియ్యమంటావ్?"

పాకలో లైటు వెలిగింది.
ఆరింది.
మళ్ళీ వెలిగింది.
గడప దగ్గర నిలబడి ఆమె
స్విచ్చి మీద చెయ్యి తియ్యకుండా
డబ్బా వంకే చూస్తా ఉంది.