దిగు

బాప్తిస్మానికి హంద్రిలో నీళ్ళు లేవు.
పెద్ద నరసన్న శెనక్కాయ చేన్లో
బోరు తొట్టి నింపించినాడు జెర్మయ్య పాస్టరు.
గొంతు దాకా దిగినాడు మా తాత సుంకన్న,
సీలయ్యగా లేచినాడు.
మీసాల్లోంచి నీళ్ళు కారుతుంటే జేజితో అన్నాడంట:
"గ్రహణం నాడు గూడ ఇంతే లోతు."

తేలు మంత్రం మా తాతది.
గ్రహణం పట్టి విడిచేదాకా గొంతులోతు నీళ్ళలో
చదువుకుంటే తప్ప పదును నిలవదు.
హంద్రి ఎండిన ఏడు ఇసుకలో గుంత తవ్వి
చెలమ నీళ్ళలో కూర్చున్నాడంట,
పండ్లు పటపట కొట్టుకుంటా.
రూపాయి పుచ్చుకోకూడదు.
ఎవరి ఎదటా పైకి అనకూడదు.
అంటే చస్తాది మంత్రం.

ఏదో ఊర్లో మంత్రగాళ్ళు
తమ పుస్తకాలన్నీ మోసుకొచ్చి నడివీధిలో కాల్చినారని
ఆ ఆదివారం వాక్యం.
తాతకు పుస్తకం లేదు. చదువే రాదు.
"అట్లయితే సంఘం ముందర పైకి చెప్పు సీలయ్యా,
నోట్లోంచి పోతే పోయినట్లే" అన్నాడు పాస్టరు.
మంత్రాన్ని చంపే కిటుకు
ఆయనకెట్ల తెలుసో
ఎవురూ అడగలేదు.

చాప మీద, జేజి కొంగు చాటున, నేను. ఏడేండ్లు.
తాత లేచి నిలబడి చెప్పినాడు.
పదకొండు మాటలు. పదింటికి అర్థం లేదు.
చివరిది మాత్రం మా ఇంటి మాటే:
దిగు.
దిగు, తల్లీ, దిగు.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.
"ఇంతేనా" అనింది ఓబులమ్మ,
మూడుసార్లు కుట్టించుకొని మూడుసార్లూ బతికిన మనిషి.
తాత తువ్వాలు దులుపుకొని కూర్చున్నాడు,
ఉన్న ఒక్క ఎకరా ఎవరికో రాసిచ్చి వచ్చినట్లు.
అప్పుడు పాస్టరు కండ్లు మూసుకొని, చేతులెత్తి,
ప్రార్థన మొదలుపెట్టినాడు:
దిగిరా, ఆత్మదేవా, దిగిరా.
నేను తాత మొగం చూసినా.
తాత నా మొగం చూసినాడు.

ఆ తర్వాత తేలు కుట్టిందని ఎవరొచ్చినా
సైకిలెక్కించి కోడుమూరు ఆస్పత్రికి తోలకపోయేవాడు.
దావ పొడుగునా పెదాలు కదుల్తుండేవి.
అడిగితే "కీర్తనేలే" అనేవాడు.
హ్యాండిలుకు వేపమండ ఎందుకు తాతా, అంటే
"ఈగలు."

జెర్మయ్య పాస్టరు పోయినప్పుడు
స్నానం చేయించినోళ్ళలో తాత ఒకడు.
ఎడమ దండ మీద పాత మచ్చ,
చిన్నప్పుడు తాయెత్తు ఒరుసుకున్న జాగా.
ఎవరికీ చెప్పలేదు.
నాకు చెప్పినాడు, చానా ఏండ్ల తర్వాత,
నవ్వకుండా.

కర్నూలు పెద్దాస్పత్రి. పిల్లల వార్డు. రాత్రి డ్యూటీ.
వెల్దుర్తి నుంచి ఒక పిల్లోన్ని తెచ్చినారు,
ఒళ్ళంతా చెమట, పాదాలు మంచు.
మాత్ర వేసినా. బీపీ రాసుకున్నా.
గంటగంటకూ చూడాల.
వాళ్ళమ్మ ఏ దేవున్ని పిలుస్తాందో వినపడదు,
పెదాలే కదుల్తున్నాయి.

నా చెయ్యి, నేను చెప్పకనే,
పిల్లోని తొడ నుంచి మడిమ దాకా
మెల్లగ జారుతాంది.
ఒకసారి. ఇంకోసారి.
చచ్చిన మంత్రమది. తాత చంపినాడు, నా ఎదటే.
ఒక్క మాట మాత్రం,
ఇంటిది గదా,
ఇంట్లోనే ఉండిపోయింది.

ఎవరితో అంటున్నానో నాకే తెలీదు,
విషంతోనో,
పైనున్న ఆయనతోనో:

దిగు.