ఏతం లెక్క

రావులపాలెం బైపాసు కింద
షట్టరు సగం దించిన షెడ్డులో
పాత పేపరు పరిచి రాకర్లు వరసగా పెట్టాను.
పదహారు. ఎనిమిది ఉక్కువి, ఎనిమిది అల్యూమినియంవి.
కోయంబత్తూరు నుంచి కొరియర్లో దిగినవి
కొత్త పట్టీల్లా మెరుస్తున్నాయి.
ఉక్కువి గానుగెద్దుల్లా తల దించుకున్నాయి.

ఎస్తేరు స్టూలు లాక్కుని కూర్చుంది.
కారు ఆవిడదే.
వాళ్ళ నాన్న కొవ్వూరు స్టేషను బయట
పెళ్ళివారి కోసం నిలబెట్టిన అంబాసిడరు.
ఇప్పుడు దానికి వెనక సీటు లేదు, అద్దాలు లేవు,
నాలుగొందల రెండు మీటర్లు తప్ప వేరే ఊరు లేదు.

డబ్బు పెట్టేది గనిరాజు గారు, రొయ్యల చెరువులాయన.
"అన్నిటికీ ఒకటి పాయింటు ఆరే వేసెయ్యవయ్యా.
ఎంత ఎత్తితే అంత గాలి."

ఏతం చూశారా రాజుగారూ?
మా తాత దూలం మీద నడిచేవాడు.
దూలం అదే, మనిషీ అతనే,
ఇరుసు జానెడు జరిపితే చాలు
బాన ఇంకో మూరెడు లేస్తుంది.
లేచిన సంగతి చేను చెబుతుంది,
జరిపిన సంగతి రాత్రికి మోకాలు చెబుతుంది.
ఇదీ అంతే, వేలెడంత ఏతం.
ఇంజను నిమిషానికి ఏడు వేలు తిరిగితే
ఇది మూడు వేల అయిదొందల సార్లు తోడాలి.
ఆ పైఎత్తు ఊరికే రాదండి,
పుష్‌రాడ్డు నడుం లోంచి వస్తుంది.

"మరి ఉక్కు బరువు కదా?" అంది ఎస్తేరు
రెండు అరచేతుల్లో రెంటినీ తూస్తూ.
బరువు ఎంతని కాదమ్మా, ఎక్కడని అడుగు.
ఇరుసు దగ్గర కూర్చున్న బరువుకి కూలి లేదు.
ముక్కు దగ్గరి బరువే
స్ప్రింగు చేత అప్పు చేయిస్తుంది.
అందుకే మూడు రాత్రులు కూర్చుని
ఉక్కు వాటి ముక్కులు చెక్కాను.

కిందటేడు ఒకటి విరిగింది, మూడొందల మీటర్ల దగ్గర.
కొబ్బరికాయ కొట్టినట్టు ఒక్క చప్పుడు, తర్వాత నూనె వాసన.
సంపులో దొరికిన ముక్క
నా కరెంటు బిల్లుల మీద బరువుగా ఉంటోంది.
అల్యూమినియం వంగి చెప్పదు.
లోపల్లోపల అలిసి
ఒకరోజు పనికి రావడం మానేస్తుంది.
ఇన్నాళ్ళూ దాన్నే తిట్టుకున్నాను.

ఎస్తేరు ఆ ముక్క తీసి దీపం కింద తిప్పింది.
నేను కొట్టిన నంబరు ఇంకా ఉంది.
"అయిదు. అయిదు పొగ వైపు కదూ?"

నా చేతిలో స్పానరు అలాగే ఉండిపోయింది.

మా నాన్న లొల్ల లాకుల దగ్గర లస్కరు.
వరదలప్పుడు అందరూ కాలువ కేసి చూస్తుంటే
ఆయన సైకిలెక్కి మురుగు కాలువ గట్టు మీద పోయేవాడు.
"చేలని ముంచేది వచ్చే నీరు కాదురా, పోలేని నీరు."
గాలి లోపలికి వచ్చే తలుపు ఖాళీ గదిలోకి తెరుచుకుంటుంది.
పొగ పోయే తలుపు
లోపల ఇంకా మండుతున్నదానికి ఎదురు తోసి తెరవాలి.
ఆ పని తేలికవాడికి అప్పగించింది నేనే.

గోధుమపిండి ముద్ద చేసి పిస్టను మీద అంటించి
క్రాంకు రెండు చుట్లు చేత్తో తిప్పాం.
హెడ్డు విప్పి, బ్లేడుతో కోసి, మందం కొలిచాం.
గాలి వైపు ఒకటి పాయింటు ఆరుకి చోటుంది.
పొగ వైపు పిండి పూతరేకంత మిగిలింది.

ఒకటి, నాలుగు, అయిదు, ఎనిమిది: ఉక్కు, ఒకటిన్నర.
మధ్యవి అల్యూమినియం, ఒకటి పాయింటు ఆరు.
"సగం సగం బేరం," అన్నారు రాజుగారు, చెప్పులు వెతుక్కుంటూ.
డబ్బు మాత్రం వెనక్కి అడగలేదు.

మిగిలిన ఎనిమిదీ పేపర్లో చుట్టాం.
హైవే మీద కొబ్బరి లారీలు పోతున్నాయి,
రేకులు అదురుతున్నాయి.
నేను క్రాంకు తిప్పుతుంటే
ఎస్తేరు ఒక్కొక్క రాకరునీ వేలితో కదిపి చూసింది.

"ఎనిమిదోది కొంచెం వదులు," అంది.

చూశాను. వదులే.